వేలిముద్రకి కాపలా ఎవరు?

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో ఇంటి గుట్టు బయటికి పొక్కాలంటే ఇంట్లోవాడే గడప దాటి వెళ్ళి చెప్పాలి. ఈ రోజుల్లో ఆ శ్రమ ఎవరికీ అక్కరలేదు. మన పేరు, పుట్టిన తేదీ, ఫోను నెంబరు, బ్యాంకు ఖాతా, ఎన్ని సెంట్ల భూమి ఉన్నదీ, ఏ కులమో, ఏ జబ్బుకి మందు వాడుతున్నామో, చివరికి బొటనవేలి మీది గీతలు కూడా, మన ఊరికి వందల మైళ్ళ దూరంలో ఏదో కంప్యూటరులో భద్రంగానో, అభద్రంగానో పడి ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరే “వ్యక్తిగత డేటా”. ఆ డేటాకి చట్టం ఏపాటి కాపలా కాస్తోంది, ఎక్కడ కాయడం లేదు అన్నదే ఈ వ్యాసంలో విషయం.

నేను చదివేది బి.ఎస్సీ. న్యాయశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం ఉంది. మాది మాడుగుల ప్రాంతం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరకూ, వరీ పండించుకునే కుటుంబాలు మావి. మా ఇళ్ళలో పెద్దవాళ్ళకి సంతకం కంటె వేలిముద్రే ఎక్కువ అలవాటు. భూమి కొన్నా వేలిముద్రే, అప్పు తెచ్చినా వేలిముద్రే, డిపోలో బియ్యం తెచ్చుకున్నా వేలిముద్రే. కాబట్టి డేటా చట్టం అనేది పట్నంలో సెల్‌ఫోను వాడేవాళ్ళ సరదా వ్యవహారం కాదు. అది మా తాత బొటనవేలికి సంబంధించిన వ్యవహారం.

మన రాష్ట్రంలో జరిగినవి

ముందు కొన్ని వాస్తవాలు చూద్దాం. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ప్రచురించింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి 13 కోట్ల దాకా ఆధార్ నెంబర్లు ఎవరు చూసినా కనబడేలా ఉన్నాయని అందులో అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ కూలీల రోజువారీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమా పథకానిది. మరుసటి ఏడాది, 2018 ఏప్రిల్‌లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల వివరాలు బయటపడి ఉన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతాతో బాటు కులం, మతం కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ తాళం పగలగొట్టిన దొంగ ఎవడూ లేడు. తలుపే తీసి ఉంది.

దీనివల్ల నష్టం ఏమిటి, నెంబరు తెలిస్తే ఏం కొంప మునిగింది అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకి జవాబు తెలంగాణలో దొరుకుతుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతన్ని పోలీసులు పట్టుకున్నారు. అతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీద ఉన్న వేలిముద్రలని రబ్బరు ముద్రలుగా తయారుచేసి, ఆ ముద్రలతో వేల సంఖ్యలో సిమ్‌కార్డులు చాలూ చేశాడని అభియోగం. అక్కడితో ఆగలేదు. 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాని పట్టుకున్నారు. వీళ్ళు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచే దస్తావేజులు దించి, దొంగ వేలిముద్రలతో జనం బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీశారని పోలీసులు చెప్పారు.

ఈ సంగతి ఇంట్లో చెప్తే మా తాత చాలాసేపు తన వేలు చూసుకుని, “దొంగ సంతకం అంటే ఇన్నాను గానీ, దొంగ ఏలు కూడా ఉంటాదేటిరా బాబూ?” అన్నాడు. ఉంటుంది. ఎలా ఉంటుందో సైన్సు విద్యార్థిగా చెప్పవలసిన బాధ్యత నాది.

వేలు ఎలా మోసపోతుంది?

వేలిముద్రని గుర్తింపుగా వాడటం మన దేశంలోనే గట్టిగా వేళ్ళూనుకుంది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు కంకర కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు ముద్రల్ని వర్గీకరించే పద్ధతికి చాలా కృషి చేశారు. అప్పుడు ముద్రని పోల్చి చూసేవాడు మనిషి. ఇప్పుడు యంత్రం.

యంత్రం మన వేలిని ఫొటోలా గుర్తుపెట్టుకోదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న బిందువుల్ని వెతుకుతుంది. వాటి స్థానాలు, వంపులు అంకెలుగా రాసుకుంటుంది. మళ్ళీ వేలు పెట్టినప్పుడు ఆ బిందువులు తగినన్ని కలిస్తే “ఇతనే” అంటుంది. అంటే యంత్రం చూసేది వేలిని కాదు, వేలి మీది నమూనాని. ఆ నమూనా దేని మీద ఉన్నా, వేలి మీదైనా రబ్బరు మీదైనా, పాతకాలపు యంత్రానికి తేడా తెలియదు. ఇది గమనించే 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, పెట్టినది బతికున్న వేలా కాదా అని పరీక్షించే కొత్త ఏర్పాటు తీసుకొచ్చింది. అది మంచిదే. కాని తాళం గట్టిపడితే దొంగ కూడా నేర్చుకుంటాడు. ఈ పందెం ఒక్క రోజుతో తేలేది కాదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చెరకు నరికి, నాగలి పట్టి, బెల్లం పెనాల దగ్గర వేడికి కాగిన చేతులకి గీతలు అరిగిపోతాయి. అటువంటివాళ్ళు డిపోలో వేలు పెడితే యంత్రం నాలుగుసార్లు “కాదు” అంటుంది. పదేళ్ళ క్రితం దస్తావేజు మీద శుభ్రంగా పడిన ముద్రతో చేసిన రబ్బరు ముక్క పెడితే “ఔను” అంటుంది. సొంతదారుని కాదని, దొంగని ఔనన్నట్టు!

ఇంకొక మాట. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. ఏటీఎం కార్డు పోతే కొత్తది ఇస్తారు. వేలు పోతే? మనిషికి పదే వేళ్ళు. ఒకసారి దాని నమూనా బయటికి పోతే బతికినంతకాలం అది బయటే. ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో డబ్బు తీయడానికి కావలసినవి మూడే: బ్యాంకు పేరు, ఆధార్ నెంబరు, వేలిముద్ర. ఫోనుకి వచ్చే ఓటీపీ కూడా అక్కర్లేదు. ఏటీఎం లేని పల్లెల్లో ముసలివాళ్ళకి మేలు చేద్దామని పెట్టిన సౌకర్యమే ఇది. నిజంగా మేలు చేసింది కూడా. అయితే ఆ మూడింటిలో రెండు, అంటే నెంబరూ, వేలిముద్రా, ఒకే దస్తావేజులో పక్కపక్కన దొరికిన సందర్భాలు ఉండటమే చిక్కు.

న్యాయస్థానం చెప్పినది

ఇటువంటి గుట్టు మనిషి హక్కా, కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ మీద వేసిన కేసు అది. 2015 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది. ఆ ముగ్గురికీ పెద్ద మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆయన మొదట చదివింది భౌతికశాస్త్రం. ఆ తర్వాత మన విశాఖలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యాయశాస్త్రం. సైన్సు విద్యార్థులకి చట్టం ఎందుకు అనేవాళ్ళకి ఇదొక జవాబు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమన్నారు. 1954లో, 1962లో వచ్చిన పాత తీర్పుల్లో దీనికి విరుద్ధంగా ఉన్న మాటల్ని తోసిపుచ్చారు. ఆ తొమ్మిదిమందిలో జస్టిస్ చలమేశ్వర్ ఒకరు, తన అభిప్రాయం విడిగా రాశారు కూడా.

2023 చట్టం

హక్కు ఉందని కోర్టు చెప్పింది సరే, దాన్ని కాపాడే చట్టం కావాలి కదా. అది రావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు పాటించవలసిన ముఖ్య బాధ్యతలకి అప్పుడు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా.

ఈ చట్టాన్ని మా ఊరి ఉదాహరణతో చెప్తాను. మాడుగుల హల్వా పేరు వినని వారుండరు. ఒక దుకాణం వారు ఫోను మీద ఆర్డరు తీసుకుని హైదరాబాదుకి హల్వా పంపుతున్నారనుకోండి. మన పేరు, చిరునామా, ఫోను నెంబరు అడుగుతారు. పెట్టె చేరాలంటే అవి కావాలి గనక ఇస్తాం. అది “సమ్మతి”. పుట్టిన తేదీ ఎందుకు, ఫోనులో ఉన్న అందరి నెంబర్లు చూడటం ఎందుకు? హల్వా చేరడానికి వాటితో పని లేదు, కాబట్టి మన సమ్మతి వాటికి వర్తించదు. ఆ దుకాణం మన నెంబరుని కల్యాణమండపం వాళ్ళకి అమ్ముకుంటే? అది మనం ఇచ్చిన పనికి కాదు గనక తప్పు. ఏ డేటా తీసుకుంటున్నారు, ఎందుకు తీసుకుంటున్నారు అన్న నోటీసుని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. మా డేటా ఏముందో చూపించండి, తప్పుంటే దిద్దండి, పని అయిపోయింది గనక తుడిచేయండి అని అడిగే హక్కు మనకుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. డేటా చోరీ అయితే ఆ సంగతి డేటా పరిరక్షణ బోర్డుకే గాక మనకి కూడా చెప్పాలి. తగిన భద్రత పాటించని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

చదువుతుంటే కడుపు నిండినట్టే ఉంటుంది. అయితే మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, ఆ 250 కోట్లు ప్రభుత్వ ఖజానాకి పోతాయి. నష్టపోయినవాడికి పైసా రాదు. నిర్లక్ష్యం చేసిన సంస్థ నుంచి నష్టపరిహారం కోరడానికి సమాచార సాంకేతిక చట్టంలో ఉన్న 43ఎ సెక్షనుని ఎత్తివేసే ఏర్పాటు కూడా ఈ చట్టంలోనే ఉంది. రెండోది, ప్రభుత్వ పథకాలకి, సబ్సిడీలకి డేటా వాడేటప్పుడు ప్రతిసారీ సమ్మతి అక్కర్లేని సందర్భాలున్నాయి. కొన్ని ప్రభుత్వ సంస్థలకి చట్టం నుంచే మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికుంది. మన పల్లెవాళ్ళ డేటాలో అధికభాగం ఉన్నది కంపెనీల దగ్గర కాదు, ప్రభుత్వం దగ్గర అన్న సంగతి మరవకూడదు.

మూడోది అన్నిటికంటె ముఖ్యం. 3వ సెక్షను ప్రకారం, ఏదైనా చట్టం విధించిన బాధ్యత వల్ల బహిరంగం చేసిన డేటాకి ఈ చట్టం వర్తించదు. ఇప్పుడు దస్తావేజు సంగతి చూడండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో చేర్చిన 32ఎ సెక్షను ప్రకారం పత్రం దాఖలు చేసేవారి ఫొటో, వేలిముద్రలు అంటించాలి. భూమి అమ్మకమైతే కొన్నవాడివీ, అమ్మినవాడివీ ఇద్దరివీ ఉండాలి. అదే చట్టంలోని 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి పత్రాల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒకే భూమిని ఇద్దరికి అమ్మే మోసాన్ని ఆపడానికి పెట్టిన మంచి నియమం అది. కాని ఈ రెండూ కలిసేసరికి, రైతు వేలిముద్ర చట్టరీత్యా బహిరంగమైపోయింది, కొత్త చట్టం మాకు వర్తించదు అని వాదించడానికి దారి ఏర్పడింది. హల్వా కొన్నవాడి ఫోను నెంబరుకి కాపలా ఉంది. భూమి కొన్నవాడి వేలికి కాపలా ఉందో లేదో అనుమానం.

రాష్ట్రం ఏం చేయగలదు?

అమెరికాలో ఈ విషయం మీద దేశమంతటికీ ఒకే సమగ్ర చట్టం లేదు, రాష్ట్రాలే చట్టాలు చేసుకున్నాయి. 2018లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. నా డేటా చూపించు, తుడిచేయి, అమ్మకు అని వినియోగదారు చెప్పే హక్కు 2020 జనవరి 1 నుంచి అక్కడ అమలులోకి వచ్చింది. తర్వాత వర్జీనియా, కొలరాడో లాంటివి అనుసరించాయి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో 2024 జూలై నుంచీ, న్యూజెర్సీలో 2025 జనవరి నుంచీ ఇటువంటి చట్టాలున్నాయి.

మరి మన శాసనసభ అలా చేయవచ్చు కదా అంటే, అంత సులువు కాదు. మన రాజ్యాంగంలో టెలిఫోను వంటి సమాచార సాధనాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఏ జాబితాలోనూ లేని కొత్త విషయాలు కూడా కేంద్రానికే చెందుతాయి. కాని దస్తావేజుల రిజిస్ట్రేషన్ అలా కాదు. అది ఉమ్మడి జాబితాలో 6వ అంశం. అంటే దాని మీద కేంద్రమూ చట్టం చేయవచ్చు, రాష్ట్రమూ చేయవచ్చు. కేంద్ర చట్టంతో తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం తీసుకోవాలి, అంతే.

కాబట్టి నా ప్రతిపాదన చాలా చిన్నది. అసలు దస్తావేజులో వేలిముద్ర ఉండనివ్వండి. రేపు కోర్టులో వివాదం వస్తే సాక్ష్యానికి అది కావాలి. కాని ఎవరికి పడితే వారికి ఇచ్చే నకలులో, వెబ్‌సైటులో కనబడే ప్రతిలో, వేలిముద్రా, ఆధార్ నెంబరూ కప్పేయాలని రాష్ట్రం చట్టంలోనే రాయాలి. భూమి ఎవరిది, ఎవరు ఎవరికి అమ్మారు, ఎల్లలు ఏమిటి అన్నవి ఎప్పటిలాగే అందరికీ కనబడతాయి. కొనేవాడికి కావలసింది అవే, అమ్మినవాడి బొటనవేలు కాదు. 2023లో బెంగుళూరులో ఇటువంటి ఫిర్యాదులు వచ్చాక కర్ణాటక ప్రభుత్వం తన వెబ్‌సైటులో వేలిముద్రలు కప్పే ఏర్పాటు చేసింది. అయితే ఆఫీసు ఉత్తర్వుతో చేసిన పని ఇంకో ఉత్తర్వుతో పోతుంది, కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడు మరుగున పడుతుంది. చట్టంలో ఉంటే అడగడానికి మనకో ఆధారం ఉంటుంది.

మనం ఏం చేయగలం?

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సెలవులకి ఇళ్ళకి వెళ్ళే విద్యార్థి మిత్రులు ఇంట్లో పెద్దవాళ్ళ కోసం ఈ నాలుగు పనులు చేయవచ్చు.

జిరాక్సు ఇవ్వవలసి వచ్చినచోట, వీలైతే మొదటి 8 అంకెలు కప్పి చివరి 4 మాత్రమే కనబడే ఆధార్ ప్రతి ఇవ్వండి. దాన్ని ఆధార్ వెబ్‌సైటే ఇస్తుంది. రెండోది, ఆధార్ యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని వేలిముద్రలకి తాళం వేసుకునే సౌకర్యం ఉంది. తాళం ఉండగా డిపోలో కూడా వేలు పనిచేయదు, బియ్యం రోజున తీసి మళ్ళీ వేయాలి. ఇది కొంచెం ప్రయాసే, కాబట్టి ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకోవాలి. మూడోది, ఆధార్‌తో డబ్బు తీసే అలవాటు లేని ఖాతా అయితే, ఆ సౌకర్యం ఆపమని బ్యాంకుకి కాగితం రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నాలుగోది, డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేయండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు ఖాతాదారుది కానప్పుడు మూడు పనిదినాల లోపు తెలియజేస్తే నష్టం అతని మీద పడదు. “రేపు చూద్దాం” అని ఊరుకుంటే ఆ హక్కు నీరుగారిపోతుంది. పాస్‌పుస్తకం తరచుగా ముద్ర వేయించి చూసేవాడికే త్వరగా తెలుస్తుంది మరి!

చదువుకోని రైతు వేలిముద్ర వేస్తే “నిశానీగాడు” అని నవ్విన కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు పట్నంలో ఉద్యోగస్తులు కూడా ఆఫీసు గుమ్మంలో వేలు పెట్టే లోపలికి పోతున్నారు. అందరం నిశానీలమే అయ్యాం. అందుచేత ఈ కాపలా ఒక్క రైతుకోసం అడిగేది కాదు. న్యాయశాస్త్రం చదివే మిత్రులు ఆ సవరణ ముసాయిదా రాయగలరు. కంప్యూటరు చదివేవాళ్ళు ముద్ర కప్పడం ఎంత తేలికో చేసి చూపగలరు. మన విద్యార్థి సంఘం దాన్ని ఒక విజ్ఞప్తిగా తయారుచేసి మన శాసనసభ్యులకి అందజేయాలని ఈ సంచిక ద్వారా కోరుతున్నాను.